గూటిలోని నీలిపళ్లెము

ఒకని స్వభావము తెలియవలెనన్న నాతని పుస్తకముల బీరువాను చూడవలెనని పెద్దలందురు. పుస్తకములు కొన్నవారెల్ల చదివినవారు కారు గనుక నేనామాటను పూర్తిగా నమ్మజాలను. ఇంటిలోని పాత్రలను చూడవలెనని నా యభిప్రాయము. పాత్రలను కొన్నవాడు వానిలో తినక తప్పదు. తాను తినుటయే కాక, ఎవరికి దేనిలో పెట్టవలెనో, ఎవరు ముట్టినదానిని దేనితో తోమవలెనో, దేనిని లోపల నుంచవలెనో, దేనిని వెలుపల నుంచవలెనో నిర్ణయించుకొనకయు తప్పదు. సభలలో మనము చెప్పు సమత్వమునకును, ఇండ్లలో మనము నడపు మర్యాదకును నడుమ నెంత దూరము కలదో పాత్రలకు తెలిసినంతగా మనకు తెలియదు.

అట్టి యొక పాత్రనుగూర్చి యిందు వ్రాయదలచితిని. అది యొక పళ్లెము. గోదావరీతీరమందలి మా యింటిలో నా చిన్ననాడు అదొక్కటియే పింగాణిపళ్లెము. కాకినాడలో నెవరో దొర స్వదేశమునకు పోవుచు సామానులను వేలము వేయగా, మా తాతగారు దానిని, దాని తోడి గిన్నెను కొని తెచ్చిరని మావారు చెప్పుకొనుచుండిరి. తెల్లని నేలపై నీలిరంగు బొమ్మ. అంచున గళ్లును వంపులును గల అల్లిక. నడుమ నొక కొలను. కొలనుగట్టున రెండంతస్తుల మేడ. దాని కప్పుకొనలు కొమ్ములవలె పైకి వంగియుండును. మేడప్రక్కను పండ్లతో నిండిన చెట్టు, ముందు వంకరటింకర కంచె. విల్లో యను చెట్టొకటి కొమ్మలు వ్రాల్చుకొని వంతెనమీదికి వంగియుండును. వంతెనపై ముగ్గురు మనుష్యులు నడచుచుందురు. దూరమున నొక పడవ, ఒక చిన్నదీవి. అన్నిటికిని పైన, ఆకాశమున, ఒకదాని కొకటి యెదురై రెండు పిట్టలు.

మాయింటి వస్తువులలో కంటి కింపైనది అదియే. అయినను దానికి లోపలికి ప్రవేశము లేదు. వీధియరుగు గోడలో దీపము పెట్టుటకై కట్టిన గూడొకటి కలదు. పళ్లెమును గిన్నెయు ఆ గూటిలో నుండెడివి. కంచు మైలపడినచో చింతపండుతో తోమవచ్చును. ఇత్తడి మైలపడినచో బూడిదతో తోమవచ్చును. మన్ను మైలపడెనా, దానికి శుద్ధి లేదు. పింగాణియు మన్నే కదా యని మా మామ్మ చెప్పు శాస్త్రము. కావున మా పంక్తిని కూర్చుండరాదని మావారెంచిన వారికందరికి ఆ పళ్లెమే. వారు తిని, తామే నూతిచెంత దానిని కడిగి, తామే గూటిలో బోర్లించి పోవలెను. ఇంటిలోని యందమైన వస్తువు, ఇంటికి దూరముగా నుండవలెననుకొన్న వారికే దక్కుచుండెను. ఈ విడ్డూరము మావారి కెవరికిని విడ్డూరముగా తోచలేదు.

ఆ పళ్లెమును అందరును చీనాపళ్లెమనిరి. బొమ్మను చూచినవారెవరైనను అట్లే యందురు. పెద్దవాడనై దాని యడుగున నున్న ముద్రను చదివిన తరువాత, అది చీనాలో పుట్టలేదని నాకు తెలిసెను. ఇంగ్లండు నడిభాగమున స్టాఫర్డ్‌షైరను మండలము కలదు. అందు స్టోకు పట్టణ ప్రాంతమంతయు కుమ్మరుల దేశము. మా పళ్లెము పుట్టినిల్లు అది. అది నిజమైన పింగాణియు కాదు. తెల్లమట్టితో చేసి, కాల్చి, గాజుపూత పూసిన మట్టిపాత్రము. నాటినుండి దాని పూర్వచరిత్రను శ్రద్ధతో వెదకి చదివితిని. ఆ చరిత్రయందు మనకు పనికివచ్చు విషయములు చాల గలవు.

తెల్లని పింగాణిపై కోబాల్టు నీలితో చిత్రించు విద్యను పరిపూర్ణముగా సాధించినవారు చీనాదేశమందలి జింగ్‌డెజెన్ పట్టణపు పనివారు. 14వ శతాబ్దమునాటికే వారందు ఆరితేరిరి. 1351వ సంవత్సరపు తేదీ వ్రాయబడిన రెండు నీలికలశములు లండనులోని బ్రిటిషు మ్యూజియమున నున్నవి. కాని యా నీలియే మొదట చీనాది కాదు. మేలైన కోబాల్టును పారసీకమునుండి వర్తకులు తెచ్చిరి. మన్ను ఒకరిది, రంగు ఒకరిది, కొనువారు మరియొకరు. ఆ పాత్రలను పశ్చిమాసియావారు కోరిరి. పిమ్మట ఐరోపావారు కోరిరి. 17వ శతాబ్దమున హాలండులోని డెల్ఫ్టు పట్టణపు కుమ్మరులు తమ మట్టిపై వానిని అనుకరించిరి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు తేయాకుతోపాటు వానిని ఓడలలో నింపి తెచ్చి లండనులో నమ్మిరి.

1784వ సంవత్సరమున ఇంగ్లండు ప్రభుత్వము తేయాకుపై నూటికి 119 చొప్పున నున్న పన్నును పండ్రెండున్నరకు తగ్గించెను. అంతవరకు ధనికుల బల్లపై నుండిన తేనీరు సామాన్యుల బల్లపైకి దిగెను. తేనీరు త్రాగువానికి గిన్నె కావలెను, సాసరు కావలెను, పళ్లెము కావలెను. చీనాపింగాణి వెల హెచ్చు. 1791లో కంపెనీవారు దానిని పెద్దయెత్తున తెచ్చుట మానిరి. 1799 నాటికి దానిపై పన్ను నూటికి నూరు దాటెను. ఈ యదనున స్టాఫర్డ్‌షైరు కుమ్మరులు తమ మట్టిని చీనాపింగాణివలె కనబడజేయు నుపాయములను సాధించిరి. జోసయా వెడ్జివుడ్డు 1779లో ముత్యపు తెలుపని పేరుపెట్టి యొక క్రొత్తపాత్రను వెలువరించెను. దాని పూతలో నించుక నీలిని కలుపుటచే పసుపుచాయ పోయి చీనాచాయ వచ్చెడిది. మన చాకలి తెల్లబట్టకు నీలిమందు పెట్టుట వంటిదే యీ యుపాయము. జోసయా స్పోడు 1784 ప్రాంతమున గాజుపూత క్రింద నీలిబొమ్మలను అచ్చొత్తు పద్ధతిని చక్కపరచెను. 1790 ప్రాంతమున నాతని కర్మశాలలోనే మా గూటిలోని బొమ్మవంటి విల్లోబొమ్మ రూపుగట్టినదని సాధారణముగా చెప్పుదురు. చీనాపాత్రలనుండి కొలనును, మేడలను, చెట్లను గ్రహించి, వానికి వంతెనను మనుష్యులను కూర్చి, ఇంగ్లీషు చెక్కడపువారు రాగిరేకుపై నొక క్రొత్త చీనాదేశమును కట్టిరి.

ఆ యచ్చుపని వినదగినది. చెక్కడపువాడు రాగిరేకుపై బొమ్మను గీతలుగా త్రవ్వును. రేకును వేడిచేసి, నూనెతో నూరిన కోబాల్టు రంగును గీతలలో నింపి, పైకి మిగిలినదానిని తుడిచివేయుదురు. సబ్బునీటితో తడిపిన పలుచని కాగితమును రేకుపై పరచి మరలో నొక్కగా బొమ్మ కాగితమునకు దిగును. కత్తెర పట్టిన బాలిక యొకతె అంచును వేరుగను, నడిమి బొమ్మను వేరుగను కత్తిరించును. స్త్రీ యొకతె యా ముక్కలను ఒకసారి కాల్చిన పళ్లెముపై నంటించి గట్టికుంచెతో రుద్దును. నీటిలో ముంచి కాగితమును తొలగింపగా రంగు మాత్రము పళ్లెమున నిలుచును. నూనె హరించుటకు కొంచెము వేడిమిని కాచి, గాజుపూతలో ముంచి, మరల ఆవములో పెట్టుదురు. ఆవమునుండి వెలువడిన పిదప బొమ్మ గాజుక్రింద చిక్కుకొని యెంత తోమినను చెరగదు. అయినను అంచుకాగితము తుద మొదలు కలియుచోట అల్లిక సరిపడక, ఒక్కొక్కప్పుడు చేతిపని బయటపడును. మా పళ్లెమునందట్టి యతు కొకటి కలదు. అల్లిక నడుమ తెగి, ఒక గీత యెడముగా మరల మొదలగును. ఆ పళ్లెము నంటించిన స్త్రీ పేరు మనకు దొరకదు. ఆమె తొందర మాత్రము దొరకినది.

ఆ తొందరకు కారణములు లేకపోలేదు. 1841లో శామ్యూల్ స్క్రివెన్ అను నధికారి, బాలకుల పనినిగూర్చిన విచారణసంఘము పక్షమున నా కుమ్మరి పట్టణములను పరిశీలించి నివేదిక వ్రాసెను. చిన్నపిల్లలు అచ్చులను మోసికొని, పనివాని బల్లనుండి వేడిగదికిని, వేడిగదినుండి బల్లకును దినమెల్ల పరుగెత్తుచుండిరి. చార్లెస్ షా అనునాతడు ఏడేండ్ల ప్రాయమున నట్టి పనిలో చేరి, ముసలితనమున తన బాల్యమునుగూర్చి వ్రాయగా నది 1903లో పుస్తకముగా వెలువడెను. ఇక గాజుపూతలో సీసముండెను. పాత్రలను పూతలో ముంచువారికి కడుపునొప్పులు కలుగుచుండెను, చేతులు చచ్చుపడుచుండెను. చెకుముకిరాతి పొడి రొమ్ములో చేరి యూపిరితిత్తులను చెరచుచుండెను. బల్లపై చల్లగా మెరయు నా నీలితెలుపుల వెనుక వేడియు, విషమును, పసివారి పరుగులును నుండెను.

ఇందొక విశేషము కలదు. 1863వ సంవత్సరారంభమున స్టాఫర్డ్‌షైరులోని 26 సంస్థల యజమానులు, వెడ్జివుడ్డు వంశీయుల సంస్థయు నందు చేరియుండగా, ఈ విషయమున చట్టము చేయవలెనని ప్రభుత్వమును తామే వేడిరి. పిల్లలచేత నధికముగా పని చేయించుట కీడని తామెరుగుదుమనియు, యజమానులు తమలో తాము చేసికొను నొడంబడికలచే నది మానదనియు, పోటీ యట్టిదనియు వారి మొర. మరుసటియేడు, 1864లో, కర్మశాలల చట్టము కుమ్మరిపనికిని విస్తరింపబడెను. ధర్మబుద్ధి యొక్కనికి కలిగిన చాలదు. అది యందరికి నొక్కదినముననే విధియైనయెడల పిరికివాడును ధర్మము చేయగలడు. "నాకేమియు పట్టింపు లేదు గాని, లోకమేమనును?" అని మన పల్లెలలో ననువారికి నిందు సమాధానమున్నది.

పళ్లెమున్న బల్లపైననే పంచదారగిన్నెయు నుండును. ఆ పంచదార వెస్టిండీసు దీవులలో ఆఫ్రికాబానిసల చెమటచే పుట్టినది. 1791లో బానిసవర్తకమును మాన్పు ప్రతిపాదనను పార్లమెంటు త్రోసివేసెను. ఆ యేడే విలియం ఫాక్సను నాతడు, ఆ పంచదారను మనము కొనకయుండుదమని యొక చిన్నపుస్తకమును వెలువరించెను. సుమారు మూడు లక్షలమంది పంచదార మానిరని థామస్ క్లార్క్సను లెక్కవేసెను. ఓటు లేని స్త్రీలు, పార్లమెంటులో మాట లేని స్త్రీలు, తమ బల్లపై నధికారము తమకు కలదని గ్రహించి యందు ముందు నడచిరి. తరువాత 1820 దశాబ్దమున, బానిసలు చేయని తూర్పిండియా పంచదార యని వ్రాసిన గిన్నెలు బల్లలపై వెలసెను. అనగా మన దేశపు పంచదార. ఐతే మన దేశమున బానిసత్వమును న్యాయస్థానములు గుర్తింపరాదను చట్టము వచ్చినది 1843లో. మంచిమాటను పాత్రపై వ్రాసికొనుట సులభము. ఆ మాటను దానిలోని పదార్థమువరకు తీసికొనిపోవుట కష్టము. కష్టమైనను, ఆ స్త్రీలు చేసినది చిన్నపని కాదు. బల్లను చక్కబెట్టక లోకమును చక్కబెట్టలేమని వారు కనిపెట్టిరి.

వంతెనమీది ముగ్గురి కథను నాకు మొదట చెప్పినవారు మా మేష్టారు. ఆయన మిషను పాఠశాలలో చదువుకొని యుపాధ్యాయులై, 1958 ప్రాంతమున, నాకు పదియేండ్ల వయస్సున, సాయంకాలములందు మాయింటికి వచ్చి యరుగుమీద నాకు లెక్కలు చెప్పెడివారు. గూటిలోని పళ్లెమున మాయింట ఫలహారము చేయువారిలో నాయన యొకరు. భిన్నములు నాకు తెలిసినవనిన నాయన చలువయే. ఒకనాడు లెక్కలు ముగిసిన పిదప, "మేష్టారూ, వీరెవరండీ?" అని నేనా బొమ్మను చూపి యడిగితిని.

ఆయన చెప్పిన కథ యిది. చీనాలో ధనికుడైన యధికారి యొకడు కలడు. ఆతని కూతురు కూంగ్‌సీ. ఆమె తండ్రియొద్ద లేఖకుడుగా నుండిన చాంగు అను పేదవానిని వరించెను. తండ్రి కోపించి, వానిని వెడలగొట్టి, ఇంటిచుట్టు కంచె కట్టించి, కూతును ధనికుడైన యొక ప్రభువున కీయ నిశ్చయించెను. ప్రేమికు లిరువురును వంతెనమీదుగా పారిపోయిరి. ముందు కదురు పట్టుకొని కూంగ్‌సీ, నడుమ నగలపెట్టెతో చాంగు, వెనుక కొరడాతో తండ్రి. కొంతకాల మొక దీవిలో సుఖముగా నుండిరి. తుదకు శత్రువులు వారిని కనిపెట్టి చంపగా, దేవతలు కరుణించి వారిని పావురములుగా మార్చిరి.

కథ ముగించి మేష్టారు కొంతసేపు బొమ్మనే చూచి, "కాని బాబూ, ఎవరు ఎవరిని తరుముచున్నారో బొమ్మలో లేదు. కథ చెప్పినవాడు చెప్పినాడు గనుక మనకు కొరడా కనబడుచున్నది. కథను ప్రక్కకు పెట్టి చూడు. ముగ్గురును కలిసి యొకే వంతెన దాటుచున్నట్లు లేదూ?" అనిరి.

ఆయన యనుమానము సరియైనదే. ఆ కథ 1849లో "ఫ్యామిలీ ఫ్రెండ్" అను ఇంగ్లీషు పత్రికలో వెలువడెను. అప్పటికి బొమ్మ పుట్టి యేబదియేండ్లు దాటెను. చీనావారికి ఆ కథతో సంబంధము లేదు. అయినను అది చీనాదేశపు పురాతనగాథయని ఇంగ్లండులో తరతరములవారు నమ్మిరి. వారు నమ్ముచున్న యా కాలముననే జరిగిన మరియొక కథ కలదు, అది నిజమైనది. తేయాకునకు వెలగా వెండి నిచ్చి యిచ్చి విసిగిన కంపెనీవారు బీహారు, వంగ ప్రాంతములలో నల్లమందును పండింపించి కలకత్తాలో వేలము వేయగా, వర్తకులు దానిని దొంగతనముగా చీనాకు చేర్చిరి. చీనాప్రభుత్వము దాని నడ్డగింపగా 1839లో యుద్ధము మొదలయ్యెను. 1842లో ఓడిన చీనా నాన్‌కింగు సంధికి తలయొగ్గెను. ఏడేండ్లకు కూంగ్‌సీ కథ వెలువడినది. పళ్లెముపై నున్న చీనాకన్యకై కన్నీరు విడిచిన దేశమే చీనాతీరములపై ఫిరంగులను ప్రేల్చినది. వస్తువును ప్రేమించుట మనుష్యుని గౌరవించుట కాదు. ఈ రెంటిని మనము తరచుగా నొకటిగా భ్రమింతుము.

మన దేశమును నా నీలిపళ్లెములపై కెక్కినది. థామస్ డేనియల్, విలియం డేనియల్ అను చిత్రకారులు 1786 మొదలు 1793 వరకు మన దేశమున సంచరించి గీసిన గుళ్లను, కోటలను ఇంగ్లీషు కుమ్మరులు పళ్లెములకు దింపుకొనిరి. విలియమ్సను అను సైనికోద్యోగి వేటపుస్తకములోని బొమ్మలనుబట్టి, స్పోడు కర్మశాలవారు 1810 తరువాత నొక వరుస పళ్లెములనే వెలువరించిరి. అందు మన అడవులు, మన యేనుగులు, మన పులులు, వేటాడువారు దొరలు. మాంసము తినుచు నా దొరలబంధువులు మన పులిని చూచి యానందించియుందురు. ఆ పులివెంట పరుగెత్తినవారి పేరు లా పళ్లెములపై లేవు.

పరులనుగూర్చి యింత చెప్పితిని గనుక మా గూటికి వచ్చెదను. రాజ్యాంగము 1950లో అమలులోనికి వచ్చినప్పుడే దాని 17వ అధికరణము అంటరానితనమును రద్దుపరచెను. దానిని పాటించుట నేరమని 1955లో చట్టము వచ్చెను. స్టాఫర్డ్‌షైరు యజమానులు కోరినట్టి, అందరికి నొకేసారి విధియగు చట్టమే అది. ఐతే కర్మశాలలోనికి తనిఖీ యధికారి పోగలడు, వంటింటిలోనికి పోలేడు. మూడేండ్లు గడచినను ఆ చట్టము మా వీధియరుగువరకు వచ్చి, గూటియొద్ద నిలిచిపోయెను.

దానిని లోపలికి తీసికొనివచ్చినది మా అమ్మ. ఆమె చదివినది ఐదవ తరగతి. వేసవి కడపట, క్రొత్త ఆవకాయ జాడీలకెత్తిన దినములవి. ఒకనాటి సాయంకాలము అమ్మ దిబ్బరొట్టె కాల్చి, గూటిలోని నీలిపళ్లెమును తానే తీసి, తానే కడిగి, అందు నాకు పెట్టెను. ఇంటిలోని కంచుపళ్లెమున, ప్రక్కను క్రొత్త ఆవకాయ వేసి, మేష్టారికి పెట్టెను. ఆయన పళ్లెమును చూచి తటాలున లేచిరి.

"అమ్మగారూ, పళ్లెములు మారినవండీ."

"మారలేదు మేష్టారూ, నేనే మార్చినాను. కూర్చోండి."

ఆయన కూర్చుండిరి. కాని చాలసేపటివరకు రొట్టె తుంచలేదు. ఆయన చేతులు కొంచెము వణకుట నేను చూచితిని. ఎన్నియో దినములుగా తాను తిని, తానే కడిగి బోర్లించిన పళ్లెమున నెదుట పిల్లవాడు తినుచుండుటను ఆయన చూచుచుండిరి.

ఆయన వెళ్లిన పిదప మా మామ్మ వాకిటిలోనికి వచ్చి, "ఏమే అమ్మాయీ, ఆ మట్టిపళ్లెములోనా పిల్లవానికి పెట్టినావు? మన కంచములోనా అతనికి పెట్టినావు?" అనెను.

అమ్మ గొంతు హెచ్చింపలేదు. "అత్తయ్యగారూ, మడికట్టుకొని మీరు ఆవకాయ తీయు జాడీ బంగారముతో చేసినదా, ఇత్తడితో చేసినదా? అదియు మన్నేనండీ, దానిపై నున్నదియు గాజుపూతయే. దానికి లేని మైల దీనికెక్కడనుండి వచ్చినది? మైల మంటిది కాదు, మనిషిదని మీ యభిప్రాయమైతే, ఆ మాటను ఆ మనిషియెదుట చెప్పండి. ఆయన మన పిల్లవానికి చదువు చెప్పుచున్నాడు" అనెను.

మామ్మ యేమియు ననలేదు. నాలుగుదినములు కుంపటిపై వేరుగా వండుకొని, జాడీలవైపు చూడకయే మజ్జిగతో భోజనము ముగించెను. ఐదవనాడు విస్తరిముందు కూర్చుండి, "అమ్మాయీ, ఆ జాడీలోనిది కాస్త వేసి పెట్టు" అనెను. అంతకుమించి యామె యెన్నడు నీ విషయమునుగూర్చి మాటాడలేదు. నీలిపళ్లెము వంటింటి యలమారులో తక్కిన పళ్లెములతో చేరెను. గూటిలో మరల దీపము పెట్టుట మొదలయ్యెను.

మా అమ్మ మాట నటుపిమ్మట నేను చాలసారులు తలపోసితిని. శుద్ధమని మనము నెత్తిన పెట్టుకొను వస్తువులలో నేది శుద్ధము? మడితో కలుపు ఆవకాయలోని మిరప అమెరికాఖండమున పుట్టి, పోర్చుగీసు ఓడలపై మనకు వచ్చినది. అపవిత్రమని గూటిలో పెట్టిన పళ్లెమున ఇంగ్లండు మన్ను, చీనారూపము, పారసీకముదారిని వచ్చిన నీలివిద్య గలవు. 20వ శతాబ్దమున జపానువారు నదే విల్లోబొమ్మను అచ్చొత్తి యమెరికాకు నమ్మిరి. అనగా ఇంగ్లండు చీనానుండి నేర్చినదానిని తూర్పుదేశము ఇంగ్లండునుండి నేర్చెను. ఒకరినొకరు అనుకరించుటలో నవమానము లేదు. నాగరకత యనునది చాలవరకు పరస్పరానుకరణమే. అవమానమెక్కడనన, వస్తువును లోపలికి రానిచ్చి మనుష్యుని వెలుపల నిలుపుటయందు. మావారు మరియొక యడుగు ముందుకు పోయి, మనుష్యుని నిలుపుటకై వస్తువునే వెలుపల నిలిపిరి.

స్పోడు కర్మశాల రెండువందల యేండ్లకు పైగా నడచి 2008లో మూతబడెను. మన యిండ్లలోని వీధియరుగులును చాలవరకు పోయినవి, గూళ్లును పోయినవి. ఐతే గూటిలోని పళ్లెము పోయినదా? పట్టణములలోని అపార్టుమెంటులందు, వంటింటి గట్టుమీద నొక మూలనో, బాల్కనీ కిటికీలోనో, తక్కినవానితో కలియకుండ బోర్లించిన స్టీలుగ్లాసొకటి అనేకుల యిండ్లలో నేటికిని కనబడును. పనిమనిషికి తేనీరు పోయుట కది. ఇంటి యజమానురాలు చదువుకొన్నదే, సభలకు వచ్చునదే, కులము పాటింపనని చెప్పునదే. అడిగినచో, "అబ్బే, కులము కాదండీ, శుభ్రతకొరకు" అనును.

శుభ్రతయను మాట మంచిది గనుకనే దానిని పరిశీలింపవలెను. ఆ యింటిలోని కంచములు, గిన్నెలు, గ్లాసులు అన్నియు తోమునది ఆ పనిమనిషియే. ఆమె తోమిన గ్లాసులో మనము త్రాగవచ్చును. ఆమె త్రాగిన గ్లాసును తోమి త్రాగరాదట! ఆమె చేతులు శుభ్రమైనవి, పెదవులు కావు. పనికి శుభ్రమైనది, పంక్తికి కాదు. ఇట్టి శుభ్రతను ఏ వైద్యుడును నేర్పలేదు. అది మా మామ్మ శాస్త్రమే. ఆమె పాపము దానికి మడియని నిజమైన పేరే పెట్టుకొనెను.

చదువరులారా! ఒకరి యింటి గుట్టు నింకొకరు తనిఖీ చేయలేరు. చట్టము వాకిటివరకు వచ్చును. అటుపై నడువవలసినది మనము. ఈ పత్రికను మడిచి ప్రక్కను పెట్టిన పిదప ఒకసారి మీ వంటింటిలోనికి పోయి యలమారును చూడుడు. అందు వేరుగా నుంచిన గ్లాసు లేనియెడల సంతోషమే. ఉన్నయెడల దానిని తీసి, కడిగి, తక్కిన గ్లాసులనడుమ బోర్లింపుడు. మరునాడు ఏది యెవరిదో గుర్తుపట్ట వీలులేకుండ బోర్లింపుడు. ఈ సంస్కారమునకు సభ కూర్చనక్కరలేదు, తీర్మానము వ్రాయనక్కరలేదు, చందా వసూలు చేయనక్కరలేదు. చెంబెడు నీళ్లు చాలును.